అఫ్రియే తెల్లబరచని ముఖం

మా కుమాసీ నగరంలో చచ్చినవాళ్ళంతా తెల్లబడతారు. అసాఫో పేటలోని మా షాపులో పదకొండేళ్ళుగా చావింటి పందిరికి కట్టే ఫొటో బ్యానర్లు అచ్చేస్తున్నాను కాబట్టి ఈ మాట ధైర్యంగా అంటున్నాను. బతికున్నన్నాళ్ళూ ఎండలో కమిలిన మనిషి ఫొటో తెచ్చి, "కాస్త వెలుగు పెట్టండి" అంటారు. వింటేనే నాకు రోత. అయినా మెషీన్ ఆన్ చేసేది నేనే.

ఫొటోలకు రంగు సరిచేసేది అఫ్రియే. నలభై మూడేళ్ళ మనిషి, నోరు దురుసు, చెయ్యి మాత్రం మెత్తన. కంప్యూటర్‌కు రంగనేది తెలియదని, ఎరుపు, ఆకుపచ్చ, నీలం దీపాలకు మూడు అంకెలు మాత్రమే తెలుసునని నాకు నేర్పింది ఆవిడే. మూడూ సున్నా అయితే నలుపు, మూడూ రెండువందల యాభై అయిదు అయితే తెలుపు. మా ఒంటి రంగులు సున్నా వైపు ఇరుక్కుని ఉంటాయి. అక్కడ నాలుగైదు అంకెలు అటూ ఇటూ అయితే ముఖమే మారిపోతుంది. అందుకే చనిపోయినవారి తోబుట్టువును పిలిపించి, వాళ్ళ చెయ్యి తెర పక్కన పెట్టించి పోల్చుకునేది. మా సాఫ్ట్‌వేర్‌లో 'చర్మం' అని ఒక బటన్ ఉంది. నొక్కితే ముఖానికి గులాబీ రంగు పులుముతుంది.

"ఎవడి చర్మం ఇది, అడొమాకో? ఉడకేసిన రొయ్యదా?" అని నా మీద అరిచేది, దాన్ని నేనే తయారు చేసినట్టు.

పోయిన ఏడాది వాళ్ళమ్మ పోయింది. ఎనభై ఒక్కేళ్ళు. బజారులో పొగబెట్టిన చేపలమ్మి అఫ్రియేను పెంచింది. అంత నల్లని మనిషిని నేను మళ్ళీ చూడలేదు. బజారంతా ఆమెను నల్లమ్మ అనే పిలిచేది. మాలో చావు విషయంలో చివరి మాట పిల్లలది కాదు, తల్లి వంశపు పెద్దది. ఆ పెద్ద అఫ్రియే మేనమామ బోటెన్. తెల్ల చొక్కా, బంగారు ఉంగరం, నోట్లో ఎప్పుడూ ఒక ఆజ్ఞ.

అఫ్రియే బ్యానర్‌లో వాళ్ళమ్మ ముఖం రంగును ముట్టుకోలేదు. వెనక మాత్రం ముదురెరుపు నింపింది. బోటెన్ తెర చూసి మెచ్చుకున్నాడు.

"ఆఁ, ఇప్పుడు వెలుగొచ్చింది. ఎంత పెంచావేంటి?"

"ఒక్క అంకె కూడా పెంచలేదు మామయ్యా. పక్కనున్నదాన్ని బట్టే కన్ను కొలుస్తుంది. వెనక ముదురు పెట్టా, అంతే."

అంతలో ఆయన ముఖం మాడింది. "ఎరుపేంటే? పడుచుపిల్లేమన్నా పోయిందా? పండిపోయిన మనిషికి తెలుపే పెట్టాలి. ఎరుపు చూస్తే అకాలచావనుకోరూ?"

అది నిజమే. తల్లి చావు ఆమెకు అకాలంగానే తోచిందేమో, ఆచారం మరిచిపోయింది. తెలుపు నింపగానే అదే ముఖం మరీ నల్లగా కనబడింది.

"బొగ్గులా ఉంది. మార్చు," అన్నాడు బోటెన్.

"అమ్మ అంతే మామయ్యా. మార్చను."

గురువారం ఆమె శవాగారానికి బట్టలిచ్చి రావడానికి వెళ్ళింది. అదను చూసుకుని బోటెన్ నా దగ్గరికొచ్చాడు.

"ఆ బటనేదో నొక్కు."

"అఫ్రియే వద్దంది పెద్దయ్యా."

"నువ్వు పనివాడివా, దాని కొంగు పట్టుకు తిరిగేవాడివా?"

నొక్కాను. ఆ మాట పడలేక నొక్కాను. అరవై రెండు, ముప్పై ఎనిమిది, ఇరవై ఏడు అనే అంకెలు కాస్తా నూట తొంభై, నూట నలభై, నూట పది దగ్గర ఆగాయి. మెషీన్‌లోంచి ఎవరో పాలుగారే పెద్దావిడ బయటికొచ్చింది. నా చేతుల్ని చూస్తే నాకే అసహ్యం వేసింది. బోటెన్ మాత్రం "ఇదీ మా అక్క!" అన్నాడు. ఛీ.

శనివారం అంత్యక్రియలు. తెల్లవారుజామున ఆ బ్యానర్ చూసినా అఫ్రియే ఎవరినీ ఏమీ అడగలేదు. మామయ్య ఇంకెక్కడో అచ్చేయించాడనుకుంది. లోపల తల్లి శవం ఉండగా గొడవెందుకని ఊరుకుంది. ఆ రోజు ఆ వీధిలో మూడు చావులు, మూడు పందిళ్ళు, మూడు బ్యానర్లు.

సోమవారం షాపు తీయగానే కర్ర పట్టుకుని ఒక ముసలమ్మ వచ్చింది. పేరు ఫొరివా. బజారులో ముప్పై ఏళ్ళు నల్లమ్మ పక్కనే కూర్చుని అమ్మింది. ఇప్పుడు టెచిమాన్‌లో కొడుకు దగ్గర ఉంటోంది.

"అమ్మ చావుకు రాలేదేం పిన్నీ?" అని అఫ్రియే నిష్ఠూరంగా అడిగింది.

"రాకేం తల్లీ! శనివారం తెల్లారేసరికే వచ్చా. నాకు చదువు రాదుగా, ముఖం చూసి పోల్చుకుందామనుకున్నా. మూడు పందిళ్ళూ తిరిగా. మీ అమ్మ ఎక్కడా లేదు. ఆ ముఖం లేని పందిట్లో ఎవర్నని అడగను? రోడ్డు పక్కన రాయి మీద కూర్చున్నా. ఎవరిదో పెట్టె నా ముందునుంచే మోసుకెళ్ళారు. ఎవరో మహారాజురాలు అనుకుని దణ్ణం పెట్టా."

అఫ్రియే కంప్యూటర్‌లో తాను చేసిన ఫొటో తెరిచింది. ముసలమ్మ తెర దగ్గరికొచ్చి, చూపుడు వేలితో ఆ నల్లని చెక్కిలిని తడిమింది.

"ఇదిగో, ఇక్కడే ఉందిగా. మొన్నంతా ఎక్కడ దాచారమ్మా దీన్ని?"

ఆ జవాబు తెలిసినవాణ్ణి అక్కడ నేనొక్కణ్ణే.

"నేనే దాచానమ్మా," అన్నాను.