ప్రొద్దుటూరులో అనుకున్న మీటప్, పులివెందుల దాకా

నా బ్లాగు ఒకసారి పూర్తిగా మాయమైపోయింది. ఎవరో దొంగదారిన సైట్‌లోకి చొరబడి, ఎన్నో ఏళ్లుగా రాసుకున్న ప్రయాణాలన్నీ చెరిపేశారు. నేను వాడేది డబ్బు కట్టక్కర్లేని సాఫ్ట్‌వేర్. కోడు రాయడం రాకపోయినా దాంతో సొంతంగా సైటు నడుపుకోవచ్చు. దాన్ని వాడే తెలుగువాళ్లకు ఆన్‌లైన్‌లో ఒక గుంపు ఉంది. అక్కడ ఏడుపు ఆపుకుంటూ నా గోడు రాస్తే, భాస్కర్ అనే అతను "నంబరియ్యండక్కా" అన్నాడు. నాలుగు రోజులు ఫోన్‌లోనే ఉండి, ఎక్కడెక్కడివో పాత కాపీలు వెతికి, ఒక్కో పోస్టూ తిరిగి తెచ్చిపెట్టాడు. పైసా తీసుకోలేదు. పులివెందుల దగ్గర పల్లె అని తప్ప తన గురించి ఏమీ చెప్పలేదు.

ఆ గుంపువాళ్లు ప్రొద్దుటూరులో మొదటిసారి కలుస్తున్నారనీ, భాస్కర్ మాట్లాడబోతున్నాడనీ తెలియగానే టికెట్ కొనేశాను. అప్పుడు ఎన్నికల వేడి మీద ఉంది కడప జిల్లా. "పోయి పోయి ఇప్పుడు, ఆ ఊళ్లకా?" అన్నారు మా తెనాలిలో. ఎదురుగా నిలబడి ఒక మనిషికి థాంక్స్ చెప్పడానికి వేరే ముహూర్తం దొరికేలా లేదు నాకు.

విజయవాడలో రాత్రి బస్సెక్కితే తెల్లవారేసరికి ప్రొద్దుటూరులో దించింది. ఈ మీటప్ తలపెట్టిన రమణ బస్టాండుకే వచ్చాడు. వాళ్లది బంగారు అంగళ్ల వీధిలో పాత దుకాణం. దాని వెబ్‌సైటు నడిపేది రమణే. నన్ను నేరుగా ఒక చిన్న హోటలుకు తీసుకెళ్లి ఉగ్గాని, బజ్జీలు పెట్టించాడు. బొరుగులు నానబెట్టి చేసే ఈ టిఫిన్ ఇద్దరం కడుపునిండా తిన్నా వంద రూపాయలు కాలేదు. చేతులు కడుక్కుంటుండగా, మీటప్‌కు మాట్లాడుకున్న హాలు యజమాని నుంచి రమణకు ఫోను వచ్చింది. రమణ ముఖం వాడిపోయింది.

"హాలు ఈయడంటక్కా. కంప్యూటర్లు, ప్రొజెక్టరు అనంగానే యాదో పార్టీ సోషల్ మీడియా వాళ్లమనుకున్న్యాడు. ఏ పార్టీ గాదని శానా చెప్పినా. 'ఏ పార్టీ గాకుండా ఈ టైములో మీటింగు ఎవురు పెడతారప్పా' అంటాండాడు."

ఆయన్ని తప్పుపట్టలేం. రోడ్డు మీద రెండు రంగుల జెండాలు కట్టిన ఆటోలు పోటీపడి పాటలు వేసుకుంటూ పోతున్నాయి. రమణ గుంపులో అందరికీ ఫోన్లు చేస్తూపోతే, జమ్మలమడుగులో ఉండే సువార్తమ్మ టీచరు ఆదుకుంది. ఆవిడ రిటైరయ్యాక నేర్చుకుని, తమ చర్చి కోసం ఒక సైటు తయారుచేసింది. "మా సండే స్కూలు గది ఉంది కదయ్యా. పాస్టరు గారిని అడిగినా, సరేనన్న్యారు. రాండి" అంది. బస్సులో గంట లోపే జమ్మలమడుగు. ఛార్జీ కూడా తక్కువే.

ఆ గదిలో పిల్లల బెంచీల మీద మోకాళ్లు పట్టక అడ్డంగా కూర్చున్నాం, ఏడుగురం. సువార్తమ్మ టీచరు ఫ్లాస్కుతో టీ తెచ్చింది. దుకాణం సైట్లో గాజుల ఫొటోలు ఆలస్యంగా తెరుచుకునేవని చెప్పి, వాటి సైజు ఎలా తగ్గించాడో రమణ చూపించాడు. ఆ తర్వాత భాస్కర్ మాట్లాడాలి. అతని బదులు ఫోను వచ్చింది. రమణ స్పీకర్ పెట్టాడు.

"రాలేనన్నా. నిన్న మా ఊర్లో జెండాల కాడ తోపులాట అయ్యింది. పోలింగయ్యేదాకా ఊరు దాటొద్దన్న్యారు పోలీసోళ్లు."

"నీ మీద కేసేముందప్పా?" అన్నాడు రమణ.

"నా మీద ఏం లేదు. మా నాయన మీద ఉండె. నాయన పోయి శాన్నాళ్లాయ. ఇంటి పేరు మాత్రం స్టేషన్లో ఉంటుంది కదా."

చెరిగిపోయిన నా పోస్టుల కోసం నాలుగు రోజులు కూర్చున్న గొంతు అదే. వినగానే గుర్తుపట్టాను. సువార్తమ్మ టీచరు ఫోను దగ్గరికి వంగి, "నాయనా, నువ్వు రాకూడదన్న్యారు గానీ, మేం రాకూడదని ఎవురూ అన్లేదు కదా? మేం వస్తే మీ యమ్మకేమన్నా ఇబ్బందా?" అని అడిగింది. అవతల అతను వాళ్లమ్మను అడగడం వినబడింది. తర్వాత, "రాండి మేడం" అన్నాడు.

ఏడుగురిలో ముగ్గురం బయల్దేరాం. మిగతావాళ్లు వెనక్కి తగ్గారని నేను అనను. ఎవరి భయాలు వాళ్లకుంటాయి. బస్టాండులో రమణకు వాళ్ల నాయన ఫోన్ చేశాడు. ఆయన మాటలు పక్కనున్న నాకూ వినబడ్డాయి. "మనం యాపారస్తులంరా. ఆ ఊర్లో ఒకరింటికి పోయినామంటే రెండోవాళ్ల కంట్లో పడతాం. అంగడి మూసుకోవాల్నా?" రమణ చాలాసేపు విని, "నాయనా, సావాసగాని ఇంటికి పోతాండా. చీకటి పడకముందే వస్తా" అని పెట్టేశాడు. ప్రొజెక్టరు సంచి ఒళ్లో పెట్టుకుని, ముద్దనూరు దాకా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు.

ముద్దనూరులో బస్సు మారాలి. దారిలో దూరంగా థర్మల్ పవర్ ప్లాంటు గొట్టాలు కనబడతాయి. పులివెందుల ఇంకా కాస్త దూరం ఉందనగా పోలీసులు బస్సు ఆపి అందరి సంచులూ తెరిపించారు. ఎన్నికలప్పుడు డబ్బు కోసం వెతకడం మామూలే. ప్రొజెక్టరును అటూ ఇటూ తిప్పి చూసి, "ఇదేంది? ఏ పార్టీ సినిమా ఏస్తారు?" అన్నాడు ఒక కానిస్టేబుల్. "పార్టీ లేదు నాయనా. పాఠం చెప్పే మిషను ఇది. నేను టీచర్ని" అంది సువార్తమ్మ. నా ఆధార్ కార్డు చూసి, "తెనాలి నుంచి ఈడికొచ్చినావా, పాఠం ఇనేదానికి?" అన్నాడు. అవునన్నాను. నవ్వి పంపించాడు.

పులివెందుల నుంచి వేంపల్లె వైపు షేర్ ఆటో ఎక్కి, ఇక్కడ చీనీ అనే బత్తాయి తోటల మధ్య ఒక ఊరి దగ్గర దిగాం. బస్ షెల్టరు దగ్గర ప్లాస్టిక్ కుర్చీల్లో ఇద్దరు కానిస్టేబుళ్లు కాపలా ఉన్నారు. వాళ్ల పక్కనే, ఇస్త్రీ చొక్కా టక్ చేసుకుని సన్నటి మనిషి నిలబడి ఉన్నాడు. ప్రొద్దుటూరు కోసం పొద్దున వేసుకున్న చొక్కా అది. ఇంకా విప్పలేదు. "అక్కా, నేనే" అన్నాడు. దారంతా ఏవేవో మాటలు అనుకుంటూ వచ్చాను. తీరా ఎదురుపడ్డాక, బస్సు ఎక్కడెక్కడ ఆగిందో చెప్పాను.

వాళ్లమ్మ మమ్మల్ని చూసి కొంగుతో కుర్చీలు తుడిచింది. రాగిసంగటి, నాటుకోడి పులుసు, చెనిక్కాయలనే వేరుశనగల చట్నీ అప్పటికే చేసిపెట్టింది. సంగటి ముద్ద మధ్యలో గుంట చేసి నెయ్యి పోస్తూ, "మా ఇంటికి కొత్త మనుషులొస్తే ఎందుకొచ్చినారో అని గుండె దడదడలాడేది అప్పట్లో. ఈ పొద్దు సంతోషంగా వండినా తల్లీ" అంది.

భోజనాలయ్యాక భాస్కర్ తన గదిలోకి తీసుకెళ్లాడు. మధ్యాహ్నం వేళ కూడా లోపల చీకటిగా ఉంది. "ప్రొజెక్టరుకు బాగా పనికొస్తుంది" అన్నాడు రమణ. "కిటికీ ఉండె అన్నా. బాంబులేస్తారని మా యమ్మ ఇటుకలతో మూపిచ్చేసింది, నేను స్కూల్లో ఉన్నప్పుడు. నాయన జైల్లో ఉండె. నన్ను గడప దాటనిచ్చేది గాదు. మా మామ ఒక పాత కంప్యూటరు తెచ్చిచ్చినాడు. నాకు అదే ఊరు, అదే వీధి" అన్నాడు భాస్కర్. ఫిర్యాదు చేస్తున్నట్టు కాదు, దారి చెబుతున్నట్టు చెప్పాడు.

ఇటుకలు పేర్చిన ఆ గోడ మీదే అతని పాఠం వెలిగింది. పోయిన సైటును తిరిగి ఎలా తెచ్చుకోవాలి, కాపీలు ఎక్కడెక్కడ దాచుకోవాలి అన్నది విషయం. మొదట మమ్మల్ని కాకుండా గోడనే చూస్తూ మాట్లాడాడు. సువార్తమ్మ టీచరు మధ్యలో ఆపి, "కాపీ కూడా అదే సర్వర్లో పెడితే ఏమయితాది?" అని అడిగింది. అక్కణ్నుంచి అతని మాట దారిలో పడింది. కాసేపటికి గుమ్మంలో బస్ షెల్టరు దగ్గరి కానిస్టేబుల్ ఒకడు కనిపించేసరికి నేను లేచి నిలబడ్డాను. అతను టోపీ తీసి, "మా ఇంటామె బట్టలు కుడుతుంది. ఆమెకొకటి ఇట్లాంటి సైటు చేయాలంటే ఎంతయితాది భాస్కరా?" అన్నాడు. వాళ్లమ్మ అతనికీ ఒక కుర్చీ వేసింది.

బయల్దేరే ముందు, చీనీ చెట్ల దగ్గర నిలబడి నా థాంక్స్ చెప్పాను. భాస్కర్ తల దించుకుని విన్నాడు.

"నేను గదా అక్కా చెప్పాల్సింది. నీ పోస్టులు ఒకటొకటే పైకెక్కిస్తా అన్నీ చదివినా. అరకు, పాపికొండలు, ఆ లంక ఊర్లు. పడవ దిగినాక ఇసకలో చెప్పులు ఇడిసి నడిచినావు చూడు, అది రెండు తూర్లు చదివినా. నాలుగు దినాల్లో అన్ని ఊర్లు తిరిగొచ్చినట్టయ్యింది నాకు."

నేను రాసుకున్నవాటిని అంతగా చదివిన మనిషిని నేనెప్పుడూ చూడలేదు. ఈ ఊరి గురించి కూడా రాయనా అని అడిగాను.

"రాయి. మా చీనీకాయల గురించి, మా యమ్మ సంగటి గురించి రాయి. గొడవల గురించి రాయొద్దనను. జరిగింది జరిగిందే. గానీ దాంతో మొదలుపెట్టొద్దు అక్కా."

ఆ సాయంత్రం కడప బస్సులో కూర్చుని, ఒక్కరోజులో నాకు దక్కినవన్నీ తలచుకున్నాను. తండ్రి మాట కాదని వచ్చిన రమణ, ఆ వయసులో రెండు బస్సులు, ఒక ఆటో ఎక్కిన సువార్తమ్మ టీచరు, భయం ఇంకా పూర్తిగా తీరని ఇంట్లో మాకు నెయ్యి పోసిన తల్లి. ఇవేవీ నేను డబ్బిచ్చి కొన్నవి కావు. నేను చేసిందల్లా థాంక్స్ చెప్పాలని బస్సెక్కడం. పోలింగ్ అయ్యాక, తర్వాతి మీటప్‌కు భాస్కర్ జమ్మలమడుగు వచ్చాడనీ, అందరూ కలిసి గండికోట వెళ్లారనీ తెలిసింది. దాని గురించి అతను తన సైట్లో రాశాడు. అది అతని మొదటి ప్రయాణం పోస్టు. పెన్నా లోయ అంచున నిలబడి, ఇంత వెలుతురు తను ఎప్పుడూ చూడలేదని రాశాడు.

ఈ దారిన వెళ్లేవాళ్లకు ఒక్క మాట. ఎన్నికల రోజుల్లో అయితే గుర్తింపు కార్డు చేతికందేలా పెట్టుకోండి, నగదు తక్కువ తీసుకెళ్లండి. ఆటోలోనో, చెక్‌పోస్టులోనో "ఎవరి మనుషులు?" అని అడుగుతారు. తడబడకుండా, ఎవరింటికి వెళ్తున్నారో ఆ పేరు చెప్పండి. పులివెందులలో ఆటో డ్రైవరు అడిగితే, భాస్కర్ వాళ్లింటికి అని గట్టిగానే చెప్పాను.