జహంగీర్ కొలత తప్పలేదు

పోయిన శుక్రవారం మధ్యాహ్నం నమాజు నుంచి వచ్చి, తన షెడ్డులో కుర్చీ మీద కూర్చున్నవాడు కూర్చున్నట్టే జహంగీర్ కన్నుమూశాడు. గుండెపోటు. ఆ దుర్వార్తను అతని భార్య షహనాజ్ ఫోనులో చెప్పింది. "మల్లేశన్నా, ఆయన లేస్తలేడు" అన్నది, అంతే. నా చేతిలోని స్పానరు జారిపడింది. వంగి దాన్ని తీసుకునేలోపే మనసులో ఒక మాట మెదిలింది: ఇక గోదావరిఖనిలో పాత కారు ఉన్నవాడు ఎవడైనా ముందు నా దగ్గరికే రావాలి. ప్రాణమిత్రుడి మరణవార్త విన్న క్షణంలో నాకు వచ్చిన ఆలోచన ఇది. మాది నలభై ఏళ్ల స్నేహం. నా అసూయ వయసూ అంతే. దివంగతుడి గురించి రాయమని అడిగారు గనుక రెండూ రాస్తున్నాను.

మేమిద్దరం ఒకే ఉస్తాదు దగ్గర పని నేర్చుకున్నాం. నాది బొగ్గుబాయి కార్మికుడి కుటుంబం, అతని తండ్రి లారీ డ్రైవరు. నాకు ఇంజను అబ్బింది, అతనికి రేకు అబ్బింది. నలిగిన రేకును సుత్తితో కొట్టి యథారూపానికి తేవడాన్ని మేం టింకరింగు అంటాం. ఆ విద్యలో జహంగీర్‌ది అసాధారణమైన హస్తలాఘవం. కళ్లు మూసుకుని అరచేతితో రేకును తడిమేవాడు. "కన్ను మోసం చేస్తది అన్నా, చెయ్యి చెయ్యది" అనేవాడు. అది విని నేనూ ఒక పాత కారు తలుపు ఇంటికి తెచ్చి, గది తలుపులు వేసుకుని, కళ్లు మూసుకుని నెల రోజులు తడిమాను. నా చేతికి ఏమీ తెలియలేదు.

"మల్లేశం పని చేస్తడు. జాంగీర్ చేతుల పని దానంతటదే అయితది" అన్నారు ఉస్తాదు ఒకసారి, నేను వింటుండగానే. ఆయన ఎన్నో మంచి మాటలు చెప్పి ఉంటారు. నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నది ఇదొక్కటే.

ఆరేళ్ల క్రితం, బొగ్గు కంపెనీ దవాఖానలో పనిచేసి రిటైరైన డాక్టరు సుమతమ్మ గారు మంచిర్యాల నుంచి నా షెడ్డుకు వచ్చారు. కీర్తిశేషులైన ఆమె భర్త యౌవనంలో ముచ్చటపడి కొన్న విదేశీ స్పోర్ట్స్ కారు ఒకటి ఇంటి వెనక తుప్పుపట్టి ఉంటే, లారీ మీద వేయించుకుని తెచ్చారు. రెండే సీట్లు, పొడవాటి ముక్కు, నేలకు అంటుకున్నట్టుండే ఒళ్లు. ఇంజను పగిలిపోయింది. "అమ్మా, ఇది తుక్కుకే పనికొస్తది. ఆశ ఇడిసిపెట్టుండ్రి" అన్నాను. ఆమె నేరుగా సెంటినరీ కాలనీ దారిలో ఉన్న జహంగీర్ షెడ్డుకు వెళ్లారు. అతను దాని తలుపు మీద అరచెయ్యి పెట్టి, "దీని పానం ఇంకా పోలే డాక్టరమ్మా" అన్నాడట.

అక్కడితో నాకు నిద్ర పట్టడం మానేసింది. ఏదో ఒక నెపంతో వారానికి రెండుసార్లు అతని షెడ్డుకు పోయేవాణ్ని. కుళ్లిన రేకు కోసి, కొత్త రేకును ఆ వంపులకు తగ్గట్టు కొట్టి అతికించాడు. వెనక భాగం నలిగిన ఒక వ్యాన్ నుంచి ఇంజను తీసి దీనికి పెట్టాడు. ఆ ఇంజను ఎత్తు ఎక్కువ, బానెట్ మూసుకోదు. ఇంకొకడైతే బానెట్‌కు రంధ్రం కోసి పైన డబ్బా బిగించేవాడు. జహంగీర్ ఇంజనును కొంత కిందికి దించి, మిగిలిన ఎత్తును బానెట్ రేకులోనే ఉబ్బుగా కొట్టాడు. ఆ ఉబ్బు ఎక్కడ మొదలవుతుందో, ఎక్కడ ముగుస్తుందో నాకు ఇప్పటికీ దొరకలేదు.

ఇంజను కిందికి దిగితే వెనక చక్రాలకు శక్తినిచ్చే షాఫ్టు వాలు మారుతుంది. ఆ సంగతి అతనికి తెలుసు. "నా కొలతకు తేడా వస్తున్నదన్నా. ఇంజను నీ ఇలాఖ, నువ్వొకసారి సూడు" అని పిలిచాడు. కారు కింద పడుకుని చూశాను. అతని కొలతే సరైనది. వాలు సరిచేయకుండా వేగంగా నడిపితే షాఫ్టు కీలు విరుగుతుంది. బయటికి వచ్చి చేతులు తుడుచుకుంటూ ఆ బానెట్ వైపు చూశాను.

"నీ కొలతనే తప్పింది. షాఫ్టు మంచిగనే ఉన్నది" అన్నాను.

"నువ్వన్నంక ఇంకేంది" అని అతను నవ్వాడు.

మరునాటి ఉదయం డాక్టరమ్మను పక్కన కూర్చోబెట్టుకుని గోదావరి బ్రిడ్జి మీదికి పోయాడు. సగం దాటేసరికి షాఫ్టు విరిగి, కారు అడుగు రేకును చీల్చుకుని వచ్చి అతని ఎడమ పిక్కను చీరేసింది. డాక్టరమ్మ తన చీర కొంగుతోనే కట్టు కట్టారు. అదే ఇనుము జానెడు అటు లేచి ఉంటే ఆమె మోకాలు ఉండేది కాదు.

దవాఖానకు పోయాను. మంచం పక్కన నిలబడితే జహంగీర్ నా ముఖం వంక చూశాడు.

"నా కొలత కరెక్టే ఉండెనన్నా."

"అవు" అన్నాను.

"కుట్లు ఇప్పినంక షాఫ్టు కల్సి పెడుదాం. కింద నువ్వే పండుకోవాలె. నా కాలు మలుస్తలేదు."

ఇక ఆ ప్రస్తావన అతను నా దగ్గర ఎన్నడూ తేలేదు. షాఫ్టు నేనే సరిచేశాను. స్టేడియంలో పాత కార్ల ప్రదర్శన పెట్టిన రోజు జనం ఆ కారు చుట్టూ మూగితే, "ఇంజను మల్లేశన్న పని" అని అందరికీ చెప్పాడు. ఒక్కడూ ఇంజను చూడలేదు. అందరూ బానెట్‌నే నిమిరారు. ఇంత ద్రోహం చేసినవాణ్ని పక్కన నిలబెట్టుకుని పొగడగలిగిన అతని మనసు చూసి నేను కరిగిపోలేదు. అందులోనూ నాకంటే పైనే ఉన్నాడని కుళ్లుకున్నాను.

మూడోనాటి జియారత్ ప్రార్థనలకు వచ్చిన డాక్టరమ్మ ఈ వ్యాసం రాయమని నన్ను అడిగారు. "అంతటి పనివాడికి కూడా ఒకసారి కొలత తప్పింది. దాచుకోకుండా తనే నాతో చెప్పాడు. అదీ రాయండి" అన్నారు. నా పేరు రానీయకుండా తప్పు తన మీద వేసుకున్నాడని అప్పుడు తెలిసింది. రెండు రోజులు కలం కదలలేదు. మచ్చలేని ఆ పనితనం మీద ఈ ఒక్క మచ్చ ఉండిపోనీ అనిపించింది. నిజంగానే అనిపించింది.

జహంగీర్ కొలత తప్పలేదు. తెలిసి తెలిసి అబద్ధం చెప్పినవాణ్ని నేను.

అచ్చుకు ఇచ్చేముందు ఈ కాగితాలు షహనాజ్‌కు చదివి వినిపించాను. చివరిదాకా విన్నది. నా ముందు పెట్టిన చాయ్ గ్లాసును, నేనింకా ముట్టకుండానే, తీసుకుని లోపలికి పోయింది.

ఆ ఇంటి గడప ఇక నేను తొక్కలేకపోవచ్చు. అటువంటి చెయ్యి ఈ బొగ్గు నేలలో మళ్లీ పుట్టదు. పుట్టినా, తన కాలు చీల్చినవాణ్ని వెంటబెట్టుకుని పని చేయించుకునే మనిషి ఆ చేతికి దొరకడు. మిత్రమా, నీ ముందు తల వంచుతున్నాను. వంచిన ఈ క్షణంలో కూడా నాకు నీ మీద ఈర్ష్యగానే ఉంది.