అరకిలో ఎక్కువ

త్రాసుల తాత చదివింది ఊరి బడిలో ఐదో తరగతి వరకే. అయినా లెక్కల్లో హెడ్మాస్టరు తప్పు పట్టుకున్న ఘనత ఆయనది. నలభై రెండేళ్లు కాటాలు బాగుచేశాడు. బియ్యం తూచేవాటి నుంచి లారీలు తూచేవాటి దాకా ఆయన చెయ్యి పడని కాటా ఆ చుట్టుపక్కల లేదు. తనిఖీ అధికారులు ముగ్గురు మారినా, ఆయన సరిచేసిన ముల్లును ఒక్కరూ వేలెత్తి చూపలేదు. సొంత బావమరిది దొంగ తూకం పెట్టమన్నాడని ఆరేళ్లు ఆ గడప తొక్కలేదు. అక్కణ్ణుంచి క్యారేజీ వస్తే మాత్రం తినేవాడు.

ఈ చరిత్రంతా ఏడేళ్ల మనవరాలికి కంఠతా వచ్చు. ఆ పిల్లకు రక్త కేన్సరని తేలి నాలుగు నెలలైంది. డాక్టరు ఆ మాట చెప్పినప్పుడు కోడలు గోడ పట్టుకుంది, కొడుకు చూపించిన చోటల్లా సంతకాలు పెట్టాడు. తాత మాత్రం గదిలోని కాటా ఒక పక్కకు ఒరిగిందని గమనించి, కింద అట్టముక్క పెట్టాడు. అప్పటినుంచి పిల్లను ఆస్పత్రికి తీసుకెళ్లే పని ఆయనదే.

పదహారు కిలోల లోపుకు వస్తే ముక్కులోంచి గొట్టం వేసి పాలు పట్టాలన్నాడు డాక్టరు. ఆ ఉదయం ఇంట్లో తూస్తే పదిహేను కిలోల ఎనిమిదొందల గ్రాములు.

“గొట్టం వేస్తే నొప్పా తాతా?”

“ఎవరు వేస్తామన్నారు?”

“నిన్న నువ్వే నాన్నతో అన్నావు.”

తాత ఇనప అరకిలో రాయి గుడ్డలో చుట్టి పిల్ల గౌను జేబులో వేసి, పైన స్వెట్టరు తొడిగాడు.

“బరువుగా ఉంది.”

“అందుకే.”

ఆస్పత్రిలో నర్సు అంకె చూసి నవ్వింది. “పదహారు మూడొందలు. ఏం పెడుతున్నావు తాతా?”

తాత పిల్ల స్వెట్టరు కిందికి సర్దాడు. నర్సు కాగితం మీద ఏదో గుణించడం చూసి మాత్రం ఉండబట్టలేకపోయాడు.

“అదేం లెక్కమ్మా?”

“మందు లెక్క. ఎత్తు, బరువు చూసి ఇస్తాం. మోతాదు పెరిగితే చిన్నపిల్ల తట్టుకోవద్దూ?”

ఐదు గ్రాముల తేడాకు కొట్టువాళ్లను కడిగిపారేసిన నోరు. తేలు కుట్టిన దొంగలా అలాగే నిలబడిపోయాడు. వరసలో ఐదుగురు తల్లులున్నారు. తన నిజాయితీ కథ అందరికీ చెప్పి ఉన్నాడు, ఇద్దరికి రెండేసిసార్లు.

“రాసింది కొట్టెయ్యమ్మా,” అని పిల్ల జేబులోంచి రాయి తీసి బల్లమీద పెట్టాడు. “ఇందులో అరకిలో నాది.”

నర్సు రాయినీ ఆయననీ మార్చి మార్చి చూసింది. “ఇంత వయసొచ్చి ఏం పని తాతా ఇది?”

“పనికిమాలిన పనే. పిల్లకేం తెలీదు.”

“తెలుసు,” అంది పిల్ల.

మళ్లీ తూచారు. ఆ బరువుకే మందిచ్చారు. మధ్యాహ్నం గొట్టం వేస్తుంటే పిల్ల తాత చెయ్యి కొరికింది. ఆయన తియ్యలేదు. ఆ తరవాత ఆయనతో మాట మానేసింది.

సాయంత్రం నర్సు గొట్టానికి సిరంజి తగిలించి, పాలు పోసి, ఆయన చేతికిచ్చి కదలకుండా పట్టుకోమంది.

“ఎన్ని పాలు?” అని పిల్ల పైకప్పును అడిగింది.

“యాభై మిల్లీలీటర్లు,” అన్నాడు తాత.

“నిజంగా?”

తాత గీతలు కనబడేలా సిరంజిని పిల్ల వైపు తిప్పాడు. పిల్ల వేలు పెట్టి ఒక్కొక్క గీతా లెక్కపెట్టుకుంది.