ఆడి నెలలో నేను మాయం చేసిన కోడళ్ళు

మూడు వీధుల కోడళ్ళను ఒక్క పెన్నుతో మాయం చేసిన ఘనుణ్ణి నేను. ఎలాగో చెబుతాను, నవ్వండి, అభ్యంతరం లేదు. నాకు మాత్రం ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. అప్పటి నన్ను ఎక్కడైనా పట్టుకోగలిగితే రెండు చెంపలూ వాయించేవాణ్ణి.

అప్పుడే జనాభా శాస్త్రంలో చిన్న కోర్సు పూర్తి చేశాను. జననాల రేటు, మరణాల రేటు అని నిద్రలో కూడా కలవరించేవాణ్ణి. ఒక ఆరోగ్య సంస్థ నన్ను వ్యాసర్పాడిలో, రైల్వే యార్డు పక్కనున్న మూడు వీధుల సర్వేకు పంపింది. ఎక్కడ ఎంతమంది తల్లులూ పసిబిడ్డలూ ఉంటారో తేలితే, బుధవారం టీకాలు వేసే నర్సమ్మ ఎక్కడికి రావాలో తేలుతుంది. అంత ముఖ్యమైన పనిని నా చేతిలో పెట్టారు, చూడండి వాళ్ళ తెలివి!

నేను వెళ్ళింది ఆడి నెలలో, అంటే తమిళుల ఆషాఢంలో. ఆ నెల కొత్త కోడళ్ళు పుట్టిళ్ళలో ఉంటారు. తొలిచూలు వాళ్ళయితే కాన్పయ్యాకే తిరిగొస్తారు. ఈ సంగతి నాకు తప్ప అందరికీ తెలుసు. మా అక్క అత్తగారిల్లు కూడా ఆ వీధుల్లోనే. ఆ అత్తగారి తలుపూ తట్టాను.

"ఇంట్లో ఎవరెవరున్నారు?"

"ఏందప్పా, కొత్తగా అడగతా ఉండావు? నేనూ, నా కొడుకూ. మీ అక్క చూలై పేటలో మీ ఇంట్లోనే కదా ఉండాది!"

"అంటే ఇక్కడ లేదు."

"కాన్పుకు పోయిండాది. బిడ్డనెత్తుకోని మళ్ళా ఈడికే కదా వచ్చేది?"

"వచ్చినప్పుడు చూద్దాం అత్తమ్మా. ఇవాళ లేని మనిషిని రాస్తే లెక్క తప్పుతుంది."

"అయ్యో సామీ! పొద్దన ఆ పిల్ల పెట్టిన ఇడ్లీలే కదరా తినొచ్చినావు!"

"చుట్టరికం వేరు, సర్వే వేరు," అన్నాను.

ఎంత పొగరు! కొద్ది నెలలు ఊరెళ్ళినవాళ్ళను వదలకూడదని కోర్సు మొదటి రోజే చెప్పారట. ఆ రోజు నేను చివరి బెంచీలో కునుకు తీస్తున్నాను.

'ఈ వీధుల్లో పిల్లల్ని కనే వయసు స్త్రీలు దాదాపు లేరు, నర్సును వేరే చోటికి పంపడం మేలు' అని రిపోర్టు రాశాను. మా సూపర్‌వైజరు, నెల్లూరాయన, శభాష్ అని సంతకం పెట్టేశాడు. అప్పా, మగవాళ్ళే కాపురముండే వీధి ఎక్కడైనా ఉంటుందా? ఫ్యాను కింది నుంచి లేచి ఒక్కసారి చూసిరావచ్చు కదా! చూడలేదు. నర్సమ్మ రావడం ఆగిపోయింది.

కొన్ని నెలలకు కోడళ్ళందరూ తిరిగొచ్చారు, కాన్పుకు పోయినవాళ్ళు బిడ్డలతో. టీకాల కోసం ఇప్పుడు ఆటో ఎక్కి దూరపు ఆసుపత్రికి పోవాలి, ఒక పూట కూలి వదులుకోవాలి. కొందరు పిల్లలకు టీకా గడువే దాటిపోయింది. దానికి మాత్రం నేను నవ్వలేను, మీరూ నవ్వకండి.

ఒక బుధవారం వాళ్ళంతా మా ఆఫీసు మీద పడ్డారు. ముందు అక్క, చంకలో మూడో నెల బిడ్డ.

"రేయ్! బిడ్డకు సూది యాడేస్తారో చెప్పు!"

నేను సూపర్‌వైజరు దగ్గరికి పరుగెత్తాను. "సార్, నర్సమ్మను మళ్ళీ పంపాలి."

"ఏందయ్యా, ఆడ ఆడోళ్ళే లేరని నువ్వే కదా రాసింది?"

"బయట నిలబడి ఉన్నారు సార్!"

"కాగితంలో లేరే!"

ఇంతలో తలుపు తోసుకుని అందరూ లోపలికి వచ్చారు. పిల్లలందరూ ఒక్కసారే ఏడుపు లంకించుకున్నారు. ఆయన చెవులు మూసుకుని, "పోయి మళ్ళా రాసుకోని రా! నర్సమ్మను పంపిస్తా," అని అరిచాడు.

మళ్ళీ బయల్దేరాను. ప్రతి గడపలోనూ ముందు తిట్లు, తర్వాతే జవాబులు. చివరికి అక్క ఇల్లు.

"ఇంట్లో ఎవరెవరున్నారక్కా?"

"నేనూ, మా ఆయనా, అత్తా, బిడ్డా."

"ఊరెళ్ళినవాళ్ళెవరైనా ఉన్నారా?"

"లేరు. నాకొక తమ్ముడుండేవాడు. వాడూ లేడని రాసుకో!" అని తలుపు వేసేసింది.

పై బుధవారం నర్సమ్మ వచ్చింది. ఆమె టీకాల పెట్టె మీద చెయ్యి వేసి, వీధి వీధంతా వినేలా ప్రమాణం చేశాను: ఇకమీదట ఏ గడప తొక్కినా ముందు కోడలెక్కడని అడుగుతాను, ఆడి నెలలో పెన్ను మూత తీయను. అందరూ చప్పట్లు కొట్టారు. అక్క మాత్రం కిటికీ కూడా వేసుకుంది.