పాప పేరు అడగడానికి భూపాలపల్లి దాకా

మా పాపను ఆదివారం తొట్లెలో వేసి పేరు పెట్టాలి. శుక్రవారం వచ్చినా పేరు తేలలేదు. నా భార్య సంధ్య వెన్నెల అని ఎప్పుడో అనుకున్నది. మేం అవ్వ అని పిలిచే మా అమ్మ మాత్రం పెంటమ్మ అనే పెట్టాలని పట్టుబట్టింది. ఈ పాపకు ముందు మాకు ఒక బిడ్డ పుట్టి దక్కలేదు. బిడ్డలు పోయిన ఇంట్లో తర్వాత పుట్టిన పిల్లకు పనికిరాని వస్తువు పేరు పెడితే చావు కన్ను అటు పడదని మా వైపు పాత నమ్మకం. మా అక్కకు పెంటమ్మ అనే పేరు వచ్చింది అలాగే. సంధ్య ససేమిరా అన్నది, అత్తాకోడళ్లకు మాటలు బందయ్యాయి. మా ఆనవాయితీ ప్రకారం తొట్లెలో పేరు పిలిచేది మేనత్త, అంటే భూపాలపల్లిలో ఉండే మా అక్కే. ఆ పేరుతో బతికిన మనిషినే అడిగి వద్దామని జనగామ నుంచి బయలుదేరాను. అడిగితే ఆమె మనసు నొచ్చుకుంటుందేమోనని భయం. అందుకే ఫోన్ చేసి అడగలేకపోయాను.

ముందు కేసముద్రం వెళ్లాను, అక్కడ మా పెద్దమ్మ ఉంటుంది. అక్క పుట్టినప్పుడు పక్కన ఉన్నది ఆమెనే. జనగామలో పొద్దున ఏడింటికి రైలెక్కితే కాజీపేట, వరంగల్ మీదుగా పదిలోపు దిగవచ్చు, టికెట్ వంద రూపాయల లోపే. స్టేషన్ బయట మార్కెట్ యార్డుకు పోయే పత్తి ట్రాక్టర్లు దారంతా ఆక్రమించాయి. వాటి మధ్య నుంచి ఆటో తీసిన డ్రైవర్‌ను పేరు అడిగాను, ఆ రోజు నాకు అందరినీ పేర్లే అడగాలనిపించింది.

"సమ్మయ్య అన్న. మా నాయిన మేడారంల సమ్మక్కకు మొక్కినంక పుట్టిన. మా ఊళ్లె గల్లీకొక సమ్మయ్య ఉన్నడు. ఫోన్ల ఇంటిపేరు రాసుకోకుంటె ఒకనికి చేస్తె ఇంకొకనికి పోతది" అని నవ్వాడు.

"మరి నీ ఇంటిపేరు ఎట్ల వచ్చింది?"

"గది మా తాతలు ఇడిచిపెట్టి వచ్చిన ఊరి పేరు. మేం ఊరు ఇడిచినం గని ఊరు మమ్ముల ఇడువలే."

ఇటువైపు పేర్లు చాలావరకు ఇలాగే వచ్చినవి. కొమురవెల్లి మల్లన్నకు మొక్కితే కొమురయ్య, కొమురమ్మ. ఐలోని అనే ఊళ్లో మల్లన్నకు మొక్కితే ఐలయ్య, ఐలమ్మ. పిలుపుతోనే ఆ ఇంటి మొక్కు తెలిసిపోతుంది. మా పెద్దమ్మ కూడా కొమురమ్మే. నన్ను చూడగానే చాయ్ పెట్టి, వచ్చిన పని విని అక్క పుట్టినప్పటి సంగతి చెప్పింది.

"మీ అవ్వకు ఇద్దరు పిల్లలు పోయిండ్రు బిడ్డా. మీ అక్క పుట్టంగనే చేటల పండవెట్టి పెంటకుప్ప మీద పెట్టినం. నేను పోయి ఎత్తుకొచ్చి, 'నాకు గీ పిల్ల కుప్ప మీద దొరికింది, తీసుకుంటవా' అని మీ అవ్వను అడిగిన. శేరెడు తవుడు పోసి కొనుక్కున్నది. కొనేటప్పుడు ఎట్ల ఏడ్చిందో నాకింక యాదికుంది."

"మరి పాపకు గా పేరే పెట్టాల్నా పెద్దమ్మా?"

"నేనేం చెప్త కొడుకా. పిల్లను ఎత్తింది నేను, గా పేరు మోసింది అది. పోయి దాన్నే అడుగు."

మధ్యాహ్నం రైల్లో వరంగల్ వచ్చి, హన్మకొండ బస్టాండులో భూపాలపల్లి బస్సెక్కాను. పరకాల మీదుగా రెండు గంటల దారి. పరకాల దాటిన తర్వాత కూర్చోవడానికి చోటు దొరికింది. కిటికీలోంచి పత్తి చేలు, తర్వాత బొగ్గు లారీలు కనిపించాయి. ఎలా అడగాలో దారంతా మాటలు కూర్చుకున్నాను. ఒక్కటీ కుదరలేదు.

బావ గనిలో పనిచేస్తాడు, ఆయన డ్యూటీలో ఉన్నాడు. క్వార్టర్ ముందు ఆరేసిన బట్టలు తీస్తున్న అక్క నన్ను చూసి పరుగున వచ్చింది. జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టింది. సగం తిన్నాక అడిగేశాను. అక్క నవ్వింది.

"నా పెండ్లి పత్రికల పద్మ అని అచ్చేపిచ్చిండ్రు, యాదికుందా? వచ్చినోళ్లంత పద్మ ఎవరని పరేషాన్ అయిండ్రు. బడిల ఏడ్చిన, పెండ్లిల ఏడ్చిన. ఇప్పుడైతె ఏం లేదు తమ్మీ, గీ క్వార్టర్ల లైన్ల అందరు పెంటక్క అంటె పానం ఇస్తరు. గని పిల్లకు గా ఏడుపు ఎందుకు?"

"అవ్వ ఒప్పుకోదక్కా."

"అవ్వకు పేరు మీద పట్టు కాదురా, భయం. ఇంట్ల ఒక్క పెంటమ్మ చాలు. గా పేరు నా దగ్గరనే ఉండనియ్యి. నాకు చేసినట్టే పిల్లను చేటల పెట్టుండ్రి, చేటలకెల్లి నేనే ఎత్తుకుంట. పెంటమ్మ ఎత్తిన పిల్ల జోలికి ఏదొస్తది?"

రాత్రి అక్కడే ఉండి, శనివారం అక్కను వెంటబెట్టుకొని జనగామ వచ్చాను. చేట సంగతి అక్కే ఇంట్లో అందరికీ చెప్పింది. సంధ్య ఒకే షరతు పెట్టింది: పెంటకుప్ప వద్దు, వాకిట్లోనే, చేట కడిగి కొత్త గుడ్డ పరవాలి. ఆదివారం ఆ గుడ్డ మీద పాపను అమ్మే పడుకోబెట్టింది. అక్క వంగి ఎత్తుకుంటుంటే అమ్మ ఆమె చెయ్యి పట్టుకున్నది.

"నీకు గా పేరు పెట్టినందుకు నా మీద కోపమున్నదా బిడ్డా?"

"బతికిన కదనే అవ్వా" అన్నది అక్క. తర్వాత పాపను తొట్లెలో వేసి, చెవి దగ్గర నోరు పెట్టి, "వెన్నెలా" అని పిలిచింది. అమ్మ కూడా పిలిచింది. సంధ్య వచ్చి అమ్మ పక్కనే నిలబడింది.

పేరంటే చెవికి ఇంపుగా ఉండాలని నేను కూడా అనుకునేవాణ్ని. పిల్ల బతకాలన్న ఆశతో పెట్టిన పేరు కన్నా మంచి అర్థం ఏ పేరుకు ఉంటుందో నాకిప్పుడు తెలియదు. మా అక్కను చూస్తే నాకు గర్వంగా ఉంది, ఈ మాట ఆమెకు కూడా చెప్పాను. మీరు ఈ దారిలో ప్రయాణం చేస్తే ఒక్క సలహా: ఎవరైనా పేరు చెప్పినప్పుడు దానికి అర్థం ఏమిటని అడగకండి. ఎవరు పెట్టిండ్రు అని అడగండి, ఆ మనిషి మీకు కూర్చోవడానికి పీట వేసి ఆ కథంతా చెప్తాడు.