తెలంగాణ మాట్లాడిన హీరోయిన్

ఏడేళ్ల వయసులో చూసిన ఒక సినిమా కోసం ఈ మధ్య నేను పడ్డ హైరానా చూసి, మా అక్క "నీకు పిచ్చి ముదిరిందే" అని తేల్చేసింది. పేరు గుర్తులేదు. హీరో మొహం గుర్తులేదు. గుర్తున్నదల్లా ఒక్క సీను. వదిలేసి పోయిన మొగుడు వానలో తడిసి గుమ్మంలో నిలబడతాడు. కుట్టుమిషన్ ముందు కూర్చున్న హీరోయిన్ తలెత్తి, "నేను రాను పో. నా మిషన్ నాకున్నది" అంటుంది. అంతే.

ఆ ఒక్క ముక్క నాకు ఎంత పనికొచ్చిందో చెప్పాలి. ఇరవై మూడేళ్లప్పుడు ఒక సంబంధం దాదాపు ఖాయమైంది. ఇంకా తాంబూలాలు పుచ్చుకోలేదు. అబ్బాయి తరఫువాళ్లు కాఫీ తాగుతూ, పెళ్లయ్యాక అమ్మాయి ఉద్యోగం మానేస్తుంది కదా అన్నారు. మావాళ్లందరూ బుద్ధిగా తలలూపారు. నేను మాత్రం "నేను రాను పో. నా నౌకరి నాకున్నది" అనేశాను. గోదావరి జిల్లాల నుంచి దిగిన పెద్దమనుషుల మధ్య తెలంగాణ యాస! మా అమ్మ జంతికల పళ్లెంతో సహా వంటింట్లోకి తప్పుకుంది. సంబంధం తప్పిపోయింది, ఉద్యోగం మిగిలింది. ఆ తర్వాత నా ఉద్యోగం చూసి మురిసిపోయే మొగుడూ దొరికాడు. కాబట్టి నాకది ఉత్త సినిమా కాదు. "అలాంటి సీను ఎక్కడా లేదు, నువ్వే అల్లుకున్నావు" అని అక్క అన్నప్పుడల్లా ఒళ్లు మండిపోయేది.

ఫోన్‌లో పాత సినిమాల గ్రూపు ఒకటి ఉంటే అందులో అడిగాను. "హీరోయిన్ తెలంగాణ యాసలో మాట్లాడిందా? ఆ కాలంలోనా? కామెడీ పాత్ర అయ్యుంటుంది, సరిగ్గా గుర్తు తెచ్చుకోండి మేడం" అన్నాడొకాయన. నిజమే, అప్పటి తెలుగు సినిమాల్లో ఆ యాస హీరోయిన్ దాకా ఎక్కడ రానిచ్చారు? అయినా కోపమొచ్చి మూడు రోజులు గ్రూపు మొహం చూడలేదు.

చివరికి అక్కే అడిగింది. "ఇంతకీ ఏ హాల్లో చూశావే?"

"క్లాక్ టవర్ దగ్గర మెట్ల హాలు లేదూ, అందులో. పెద్దమ్మ తీసుకెళ్లింది."

పెద్దమ్మంటే మల్కాజ్‌గిరిలో మా పక్కింటావిడ. వాళ్లు తరతరాలుగా ఇక్కడివాళ్లు. అక్క పడీపడీ నవ్వింది. "ఓసి నీ అసాధ్యం కూలా! ఆ హాల్లో హిందీ బొమ్మ తప్ప పడేదా?"

అప్పుడు గుర్తొచ్చింది. మేం సికిందరాబాద్ వచ్చి అప్పటికి ఆర్నెల్లు. నాకు హిందీలో పది అంకెలు కూడా సరిగ్గా రావు. పెద్దమ్మ పల్లీలు ఒలిచి నా చేతిలో పోస్తూ, తెరమీద మాటలన్నీ చెవిలో తెలుగు చేసి చెప్పేది. ఇన్నేళ్లలో తెరమీది గొంతు చెరిగిపోయి, చెవిలో గొంతు మిగిలిపోయింది.

హిందీ అని మార్చి అడిగితే గ్రూపువాళ్లు పావుగంటలో పట్టేశారు. ఆదివారం మధ్యాహ్నం అక్కా నేనూ కూర్చుని చూశాం. వాన వచ్చింది. మొగుడొచ్చాడు. మిషన్ కూడా ఉంది! అక్క చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. హీరోయిన్ లేచింది, భోరున ఏడ్చింది, వాడి కాళ్లమీద పడింది, గొడుగు తీసుకుని వెంట వెళ్లిపోయింది. ఒక్క మాట అంటే ఒట్టు. నాకు ఏడుపొచ్చింది. ఎప్పుడూ ఏడిపించే అక్క కూడా "పోనీలేవే" అంది.

మర్నాడు పొద్దున్నే బొల్లారం వెళ్లాను. పెద్దమ్మ ఇప్పుడు కూతురి దగ్గర అక్కడే ఉంటుంది. ఎనభై దాటినా మాటలో చురుకు తగ్గలేదు. కూర్చోకుండానే అడిగేశాను.

"పెద్దమ్మా, నా చిన్నప్పుడు నువ్వు చూపించిన ఆ కుట్టుమిషన్ సినిమాలో ఆవిడ ఏమీ అనలేదు. ఏడ్చి వాడితో వెళ్లిపోయింది. 'నేను రాను పో' అందని నాకెందుకు చెప్పావు?"

పెద్దమ్మ పకపకా నవ్వింది. "ఇన్నేండ్లకు దొరికిన్నా బిడ్డా! గామె గట్ల కాళ్ల మీద పడుతుంటే నాకు మస్తు కోపమొచ్చింది. చిన్నపోరివి, నీకు గిదా సూపెట్టేది అనిపించింది. జెర మార్చి చెప్పిన."

"ఆ మాట పట్టుకునే నేను ఒక సంబంధం కాదన్నాను, తెలుసా?" అని ఆనాటి కథంతా చెప్పాను.

పెద్దమ్మ నవ్వు ఆగిపోయింది. నా చెయ్యి తన ఒళ్లోకి లాక్కుంది.

"నేను గూడ హాస్టల్ల ఉండి టీచర్ ట్రైనింగ్ సదువుతుంటి. మధ్యల మీ పెద్దనాయన వచ్చి, సదువు సాలు, ఇంటికి నడువన్నడు. రానని చెప్దామని గొంతు దాక వచ్చింది బిడ్డా, అనలే. పెట్టె సర్దుకొని ఎంబడి వచ్చిన. నువ్వన్నా అన్నవు గద."