గ్రీజు పూసిన గాస్కెట్

2019 వేసవి. జగిత్యాలలో నాకు గాస్కెట్లు, ప్యాకింగులు అమ్మే దుకాణం ఉంది. రెండు పైపులు కలిసే చోట ఆవిరి బయటికి రాకుండా షీటు కోసి మధ్యలో పెట్టే ముక్కను గాస్కెట్ అంటారు. ఏళ్ల తరబడి అందరూ వాడింది ఆస్బెస్టాస్ షీటే. వేడికి కాలదు, ఆవిరికి చెడదు. కానీ దాని పొడి ఊపిరితిత్తుల్లోకి పోతే అక్కడే ఉండిపోతుంది. అందుకే ఆ ఏడు దాన్ని అమ్మడం మానేసి, అరమిడ్ అనే గట్టి నారను రబ్బరుతో కలిపి చేసిన షీటు తెప్పించాను.

నెల తిరక్కముందే సిరిసిల్ల నుంచి ఫోను వచ్చింది. నేతకు పోయే పడుగు దారానికి గంజి పట్టించే సైజింగ్ యూనిట్ అది. బాయిలర్ నుంచి వచ్చే లైనులో నా గాస్కెట్ మూడోసారి పగిలింది. యజమాని శ్రీనివాస్ గొంతు పెంచలేదు. పని ఆగిందని, పడుగు చుట్టిన బీముల కోసం సాంచాల వాళ్లు, అంటే మరమగ్గాల వాళ్లు, వచ్చి కూర్చున్నారని చెప్పి, పాత షీటే పంపమన్నాడు. మళ్లీ పగిలితే పక్కనున్న మనిషి ముఖం కాలిపోతుంది. నా భయమల్లా అదే. ఒక్కరోజు ఆగమన్నాను.

నాకు అంతుపట్టని సంగతి ఒకటుంది. అదే షీటులోంచి కోసిన ముక్కను కోరుట్లలో ఒక రైస్ మిల్లు బాయిలర్‌కు కూడా వేశారు. ఆవిరి ఒత్తిడి దాదాపు అంతే. అక్కడ చుక్క కారలేదు. పొద్దున్నే బస్సెక్కి కోరుట్ల వెళ్లాను.

ఎట్లా బిగించావో మొదటి నుంచి చెప్పమని మిల్లు ఫిట్టర్‌ను అడిగాను. పైపు చివరి అంచును, అంటే ఫ్లాంజిని, తుడిచి, ముక్క పెట్టి, బోల్టులు ఎదురెదురుగా బిగించానన్నాడు. దానికి ఏమైనా రాశావా అన్నాను.

"ఏం రాయలేదక్కా. గ్రీజు డబ్బా దొరకలే. ఉత్తగనే పెట్టిన."

అక్కడి నుంచి నేరుగా సిరిసిల్ల. అక్కడి ఫిట్టర్ లచ్చయ్యకు అరవై దగ్గర పడ్డాయి, ముప్పై ఏళ్లుగా అదే పని. తప్పు నీదని అనడానికి నాకు నోరు రాలేదు, అప్పటికి రుజువూ లేదు. కొత్త ముక్క వేస్తుంటే చూస్తానన్నాను. రెండు వేళ్లతో గ్రీజు తీసి, రెండు వైపులా శ్రద్ధగా పూశాడు. ఎందుకని అడిగాను.

"లేకుంటే ఇనుముకు పట్టుకపోతది బిడ్డా. మల్ల ఇప్పేటప్పుడు ఉలితోని గీకాలె. పొడంత ముక్కులకే పోతది."

షెడ్డు వెనక పాత ఫ్లాంజీలు రెండు జతలు పడి ఉన్నాయి. ఒక జతలో గ్రీజు పూసిన ముక్క, ఇంకో జతలో పొడి ముక్క పెట్టి, రెండింటినీ ఒకే బలంతో బిగించమన్నాను. విప్పి చూస్తే పొడిది పెట్టినచోటే ఉంది. గ్రీజుది పక్కకు జారి, అంచు సాగి చీలింది. ఆస్బెస్టాస్ ఆ జారుడును ఇన్నాళ్లూ ఓర్చుకుంది. ఇది ఓర్చుకోదు. లచ్చయ్య రెండు ముక్కలనూ వెలుతురులో తిప్పి తిప్పి చూశాడు. తర్వాత గ్రీజు డబ్బాకు మూత పెట్టాడు.

మధ్యాహ్నం లైనుకు పొడి గాస్కెట్ అతనే బిగించాడు. ఆవిరి వదిలి, దూరంగా నిలబడి అరగంట చూశాం. కారలేదు. లోపల మిషన్ మళ్లీ నడిచింది.

అప్పుడు అడిగాడు లచ్చయ్య.

"గీ ముచ్చట ముందుగాల్నే ఎందుకు చెప్పలే బిడ్డా?"

షీటుతో పాటు కంపెనీ పంపిన కాగితం నా దగ్గరే ఉంది. గ్రీజు వాడవద్దని అందులో ఇంగ్లీషులో రాసి ఉంది. అప్పటిదాకా నేను దాన్ని చదవనే లేదు. ఇంటికి వెళ్లి చూసుకుని, మర్నాడు లచ్చయ్యకు ఫోను చేసి ఒప్పుకున్నాను. అతను ఇంకోటి అడిగాడు.

"మరి గా పాత షీటు ఎందుకు బంద్ చేసినవ్? గా పొడి ముచ్చటేంది?"

ఆ పొడి చెడ్డదని తెలిసే అమ్మడం మానేశాను. కానీ ముప్పై ఏళ్లు దాన్ని కోసి, గీకినవాళ్లకు ఒక్క మాటా చెప్పలేదు. వారం తర్వాత లచ్చయ్యను కరీంనగర్ తీసుకెళ్లి ఎక్స్‌రే తీయించాను. ఊపిరితిత్తుల పొర మీద మచ్చలున్నాయి. బీడీ మానమని, ఏడాదికోసారి వచ్చి చూపించుకోమని డాక్టర్ చెప్పారు. బీడీ మానేశాడు. ఏటా వెళ్తున్నాడు.

వస్తువు మారిస్తే సరిపోదని, దాన్ని పట్టుకునే చేతికి సంగతి కూడా చెప్పాలని ఆ వేసవి నాకు నేర్పింది. గ్రీజు మాట ఆలస్యమైతే పోయింది మూడు గాస్కెట్లే. పొడి మాట ఆలస్యమైనందుకు మచ్చలు పడ్డది లచ్చయ్య ఊపిరితిత్తుల మీద.